"మా వోడికి కెప్టెన్సీ ఎందుకియ్యలా సార్?" : అపోహలు - వాస్తవాలు

స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు మొదలైతే రాత్రి తొమ్మిది దాటినా నా ఫోను మోగుతూనే ఉంటుంది. కోవూరు నుంచి ఒకరు, అల్లూరు నుంచి ఇంకొకరు. "బాగా కూతకెళ్లేది మా వోడే కదా సార్, కెప్టెన్సీ ఇంకోడికి ఎట్టిచ్చారు?" నెల్లూరు జిల్లాలో 19 ఏళ్లుగా హైస్కూలు పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాను. ఈ ప్రశ్న రాని ఏడాది లేదు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. పిల్లాడు రాత్రి అన్నం తినకుండా పడుకుంటే తల్లికి టెన్షన్ ఉండదా? కానీ ఆ ప్రశ్న వెనకున్న నమ్మకం మాత్రం పిల్లల్ని ఆటకే దూరం చేస్తోంది.

అపోహ: ఎక్కువ పాయింట్లు తెచ్చేవాడే కెప్టెన్. తప్పు చేసినవాడిని గట్టిగా అరిచేవాడే లీడర్.

2016లో అహ్మదాబాద్‌లో జరిగిన కబడ్డీ ప్రపంచకప్ ఫైనల్ గుర్తు చేసుకోండి. ఇరాన్ మీద మొదటి సగంలో మనవాళ్లు 13-18తో వెనకబడ్డారు. చివరికి 38-29తో గెలిచారు. ఆ రోజు 12 పాయింట్లతో ముందు నిలిచింది అజయ్ ఠాకూర్. కెప్టెన్ అనూప్ కుమార్. అనూప్ పేరు చెప్పగానే కబడ్డీ వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆయన నిదానం.

ఇక అరుపుల సంగతి. మన పిల్లల మ్యాచులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

రెయిడర్, అంటే కూతకొచ్చినవాడు, లోపలికొచ్చాడు. మన వైపు చివరన నిలబడే కార్నర్ వాడి కాలు పట్టాడు. కార్నర్ పక్కనే నిలబడేవాడిని 'ఇన్' అంటాం, వాడు ఆ క్షణంలోనే మీద పడాలి, ఆ పక్కనుండే కవర్ దారి మూసేయాలి. ఇన్ అరక్షణం ఆలస్యంగా వచ్చి చెయ్యి వేశాడనుకోండి, రెయిడర్ ఈడ్చుకుంటూ పోయి మధ్య గీత (మిడ్ లైన్) తాకేస్తాడు. పట్టబోయిన ఇద్దరూ ఔట్. బయటకు నడుస్తూ కార్నర్ అందరిముందూ ఇన్‌ను తిడతాడు. తర్వాత అదే పరిస్థితి వచ్చినప్పుడు ఆ ఇన్ ఏం చేస్తాడు? పోదామా వద్దా అని ఆలోచిస్తాడు. ఈసారి ఒక క్షణం ఆలస్యం. తిట్టుతో పిల్లాడి చెయ్యి వేగం పెరగదు, భయం పెరుగుతుంది.

నా టీమ్‌లోనే ఇది జరిగింది. తప్పు నాది. మంచి రెయిడర్ కదా అని ఒక పదో తరగతి పిల్లాడిని కెప్టెన్ చేశాను. వాడి నోటికి అడ్డు లేదు. అది పట్టుదల అనుకొని నేనూ ఊరుకున్నాను. రెండు వారాలకు మా లెఫ్ట్ ఇన్ ప్రాక్టీసుకు రావడం మానేశాడు. తొమ్మిదో తరగతి, మెతక పిల్లాడు, నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా పని. జ్వరమేమో అనుకొని ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. బాగానే ఉన్నాడు, గడపలో కూర్చొని వల చిక్కులు తీస్తున్నాడు. చాలాసేపు పలకలేదు. చివరికి తలెత్తకుండా, "పట్టుకుంటే తప్పవుద్ది, పట్టుకోకపోయినా తప్పవుద్ది, ఇంక నేనెందుకు సార్" అన్నాడు. వాళ్లమ్మ ఇచ్చిన మజ్జిగ తాగబుద్ధి కాలేదు నాకు.

మర్నాడు కెప్టెన్‌ను కూర్చోబెట్టి రూలే మళ్లీ చెప్పించాను. మనవాడు ఔటై బయట కూర్చుంటే ఎప్పుడు లోపలికొస్తాడు? అవతలివాళ్లలో ఒకరు ఔటైతే మనలో ఒకరు, ఔటైన వరుసలోనే. కూతకెళ్లినవాడు బోనస్ గీత దాటి తెచ్చే బోనస్ పాయింటుకు మాత్రం ఎవరూ లోపలికి రారు. "అంటే నువ్వు ఔటైనప్పుడు నిన్ను లోపలికి తెచ్చేదెవరు?" అని అడిగాను. వాడు కాసేపు నేల చూసి, తిట్టించుకున్న పిల్లాడి పేరు చెప్పాడు. సాయంత్రం వాడే సైకిలేసుకొని ఆ ఇంటికి వెళ్లాడు. నేను పంపలేదు.

అప్పటి నుంచి మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. రెయిడ్ జరుగుతుండగా ఎంతైనా అరవొచ్చు, కానీ అది కబురు అయ్యుండాలి: "లోపలికొచ్చాడు", "బోనస్‌కు చూస్తున్నాడు", "పట్టు". రెయిడ్ అయిపోయాక తప్పు గురించి ఒక్క మాట కూడా వద్దు. ఔటైన వాడు బయట కూర్చొని తల దించుకోకుండా లోపలున్నవాళ్లకు రెయిడర్ కాళ్లెటు కదులుతున్నాయో చెబుతుండాలి. తప్పుల లెక్క మ్యాచ్ అయ్యాక, చెమట ఆరాక, నా ముందు. గ్రౌండ్‌కు సున్నం గీతలు వేయడం, నీళ్లు తేవడం వంతులవారీ పని, కెప్టెన్‌కూ మినహాయింపు లేదు.

అపోహ: నెమ్మదస్తుడు కెప్టెన్సీకి పనికిరాడు. వాలీబాల్‌లో లిబరో అని వెనకుండి బంతి కాపాడే ఆటగాడు ఒకడుంటాడు. వాడు బ్లాక్ చేయకూడదు, నెట్ ఎత్తుకు పైనున్న బంతిని అవతలికి కొట్టకూడదు. ఒకప్పుడు లిబరో కెప్టెన్ కాకూడదనే రూలుండేది. 2021 అంతర్జాతీయ రూల్స్‌లో దాన్ని తీసేశారు. వెనకుండి ఆటంతా చూసేవాడికి ఆ గౌరవం రావాల్సిందే.

అపోహ: కెప్టెన్ అయితే స్పోర్ట్స్ కోటాలో ఎక్కువ మార్కులు. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ ఎంతమంది నిద్ర చెడగొట్టిందో. కేంద్ర ఉద్యోగాలకు అడిగే స్కూల్ గేమ్స్ ఫారం చదవండి. ఏ ఆట, ఏ పోటీ, ఎక్కడ, ఏ తేదీల్లో, ఏ స్థానం వచ్చింది, అంతే. కెప్టెన్ అని రాయడానికి అందులో గడే లేదు.

అపోహ: సబ్‌స్టిట్యూట్ అంటే టీమ్‌లో లేనట్టే. కబడ్డీ టీమంటే పన్నెండు మంది. ఏడుగురు లోపల, ఐదుగురు బయట. బెంచీ మీద కూర్చున్న పిల్లాడిని ఇంటికొచ్చాక "ఆడించలేదా" అని అడిగే బదులు, "అవతలి రెయిడర్ ఏ వైపు ఎక్కువ పోయాడురా" అని అడిగి చూడండి. చెప్పగలిగాడంటే వాడు మ్యాచ్‌లో ఉన్నట్టే.

అపోహ: దెబ్బ తగిలినా చెప్పకుండా ఆడితే టీమ్ కోసం త్యాగం. ఇది వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మోకాలు మెలిపడిన పిల్లాడు కార్నర్‌లో నిలబడితే ఆ వైపంతా తెరిచిపెట్టినట్టే. వాడి మోకాలూ పోతుంది, పక్కవాడి పట్టూ పోతుంది. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగిన పిల్లాడైతే ఆ రోజు మళ్లీ గ్రౌండ్‌లోకి రాకూడదు, ఫైనలైనా సరే, ముందు డాక్టర్‌కు చూపించాలి. మీ ఇంట్లో పిల్లాడు కుంటుతూ "ఏం కాలేదు" అంటే నమ్మొద్దు. రాత్రి పదైనా సరే, నాకు ఫోన్ చేయండి. ఆ ఫోనుకు నేను ఎప్పుడూ విసుక్కోను.