ఏరియల్‌కు డిజిటల్ తెలియదు: డీఏబీ రేడియోపై అపోహలు - వాస్తవాలు

ఇళ్ల మీద ఏరియల్స్ (యాంటెన్నాలు) బిగించడం నా పని. డీఏబీ (డిజిటల్ ఆడియో బ్రాడ్‌కాస్టింగ్, అంటే గాలిలో వచ్చే డిజిటల్ ప్రసారం) రేడియో సరిగా పలకడం లేదని నన్ను పిలిచేవారిలో చాలామంది అప్పటికే ఒక ఆంప్లిఫయర్ కొని ఉంటారు. చాలాసార్లు ముందుగా దాన్నే విప్పి పక్కన పెట్టాల్సి వస్తుంది.

అపోహ: డిజిటల్ రేడియోకు ‘డిజిటల్ ఏరియల్’ కావాలి.

వాస్తవం: తనను తాకిన తరంగంలో ఉన్నది అనలాగ్ ప్రసారమా, డిజిటల్ ప్రసారమా అన్నది ఏరియల్‌కు తెలియదు. దానికి పట్టేవి ఫ్రీక్వెన్సీ, ధ్రువణం (తరంగం నిలువుగా కంపిస్తోందా, అడ్డంగానా అన్నది). డీఏబీ 174 నుంచి 240 మెగాహెర్ట్జ్ మధ్య, సాధారణంగా నిలువు ధ్రువణంతో వస్తుంది. ఆ బ్యాండ్ ఏరియల్‌ను నిలువుగా నిలబెడితే చాలు. అట్టపెట్టె మీద ‘డిజిటల్’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, లోపల ఉన్నది టీవీల యూహెచ్ఎఫ్ (ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీల) ఏరియల్ అయితే రేడియోకు ఒరిగేదేమీ లేదు.

అపోహ: రేడియోకున్న పుల్లను పూర్తిగా లాగితేనే మంచిది.

వాస్తవం: అది ఎఫ్ఎం అలవాటు. పుల్ల పొడవు తరంగదైర్ఘ్యంలో దాదాపు పావు వంతు ఉంటే సిగ్నల్ బాగా అందుతుంది. ఎఫ్ఎం వచ్చే 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పావు 75 సెంటీమీటర్లు. 220 దగ్గర 34 మాత్రమే. పుల్లను 35 సెంటీమీటర్ల దాకా లాగి, నిటారుగా నిలిపి చూడండి.

అపోహ: శబ్దం శుభ్రంగా ఉందంటే సిగ్నల్ బలంగా ఉన్నట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టే నమ్మకం ఇదే. ఎఫ్ఎంలో సిగ్నల్ తగ్గేకొద్దీ బుస పెరుగుతుంది, ముందే హెచ్చరిస్తుంది. డిజిటల్ రేడియో దోషాలను తనలో తాను సరిదిద్దుకుంటూ చివరిదాకా చక్కగా పలుకుతుంది. ఆ శక్తి చాలని క్షణంలో నీళ్లలో బుడగలు లేచినట్టు గుడగుడలాడి మూగబోతుంది. మధ్యాహ్నం బాగున్న స్టేషన్, రాత్రి దగ్గర్లో ఒక నాసిరకం ఎల్ఈడీ బల్బో చార్జరో వెలువరించే విద్యుత్ రొదకు ఆగిపోవడం ఇందువల్లే. మెనూలో సిగ్నల్ నాణ్యత లేదా దోషాల రేటు చూపే సదుపాయం ఉంటే దాన్ని చూస్తూ రేడియోను కదపండి. చెవిని నమ్మకండి. లోహపు పూత ఉన్న అద్దాలు, రేకు అంటించిన ఇన్సులేషన్, కాంక్రీటులోని ఇనుప చువ్వలు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. రేడియోను రెండు అడుగులు జరిపితేనే సమస్య తీరిన ఇళ్లున్నాయి. అలాంటి చోట నాకు పని ఉండదు.

అపోహ: ఆంప్లిఫయర్ పెడితే అన్నీ వస్తాయి.

వాస్తవం: అది సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది, కాస్త సొంత రొద కూడా కలుపుతుంది. పొడవాటి కేబుల్‌లో పోయే బలాన్ని పూడ్చడానికే అది పనికొస్తుంది. అదీ ఏరియల్ దగ్గరే, స్తంభం మీద బిగిస్తేనే. ట్రాన్స్‌మిటర్ సమీపంలో ఉంటే రేడియో మోయలేనంత సిగ్నల్ అందించి ఉన్నదీ చెడగొడుతుంది.

అపోహ: ఎక్కువ పుల్లల ఏరియల్ ఎప్పుడూ మేలు.

వాస్తవం: చాలా డీఏబీ నెట్‌వర్కుల్లో పలు ట్రాన్స్‌మిటర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే ప్రసారాన్ని పంపుతాయి. వాటి మధ్య ఆలస్యం 246 మైక్రోసెకన్లలోపు ఉంటే, అంటే దారిలో తేడా సుమారు 74 కిలోమీటర్లు మించకపోతే, అవి కొట్లాడుకోవు, ఒకదానికొకటి తోడవుతాయి. ఒకే వైపు గురిపెట్టే యాగి (ఎక్కువ పుల్లల ఏరియల్) ఆ తోడును వదులుకుంటుంది. అందుకే మామూలు ఇళ్లకు నేను నిలువు డైపోల్‌నే (రెండు కడ్డీల సాదా ఏరియల్‌నే) సూచిస్తాను. ట్రాన్స్‌మిటర్ బాగా దూరంలో ఉన్నప్పుడు, ఒకే దిక్కు నుంచి సిగ్నల్ వస్తున్నప్పుడు యాగి సరైనదే.

అపోహ: మంచి ఏరియల్ పెడితే పాట ఇంకా మధురంగా వినిపిస్తుంది.

వాస్తవం: తెగకుండా వినిపిస్తుంది, అంతే. నాణ్యత స్టేషన్ ఎంచుకున్న బిట్ రేటు (సెకనుకు పంపే డేటా), కోడెక్ (శబ్దాన్ని కుదించే పద్ధతి) చేతిలో ఉంటుంది.

అపోహ: కేబుల్ ఏదైనా ఒకటే.

వాస్తవం: రెండు పొరల కవచమున్న 75 ఓమ్ కోయాక్సియల్ కేబుల్ వేయండి. ఈ ఫ్రీక్వెన్సీల్లో మంచి కేబుల్ 10 మీటర్లకు 1 డెసిబెల్‌కు అటూఇటూగా మాత్రమే పోగొడుతుంది. అసలు శత్రువు నీరు. బయటి కనెక్టర్‌కు తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, కేబుల్ గోడలోకి దూరే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాన నీరు అక్కడే జారిపోతుంది.