ఆగాలి అంటే పరిగెత్తే గుర్రం

మలక్‌పేట రేస్‌కోర్సు దగ్గర ఉండే పాఠకుడొకరు అడిగారు: "రేసులు మానేసిన గుర్రం చవగ్గా వస్తోంది. మా పదేళ్ళ అబ్బాయి సరదాగా స్వారీ చేయడానికి కొనొచ్చా?"

రేసు గుర్రాలు రెండేళ్ళ వయసులోనే పరుగు మొదలుపెడతాయి. ఐదారేళ్ళు వచ్చేసరికి చాలావాటి పని అయిపోతుంది. ఆ పైన ఇరవై ఏళ్ళు బతకొచ్చు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నారు కదా, ఖర్చు లెక్క మీరే వేసుకోండి. గింజలు తగ్గించి గడ్డి పెంచడం, కొన్ని నెలల విశ్రాంతి, కాళ్ళ సంగతీ పశువైద్యుడు చెబుతాడు. నాకు ఆసక్తి అంతా పగ్గం మీదే.

పగ్గాలు లాగితే గుర్రం ఆగుతుందని మనం అనుకుంటాం. రేసులో జాకీ జీను మీద కూర్చోడు. రికాబులు (పాదాలు పెట్టుకునే కొక్కేలు) పొట్టిగా పెట్టుకుని, దాని మెడ మొదట్లో గొంతుక్కూర్చున్నట్టు ఉంటాడు. పగ్గాలు బిగువుగా పట్టుకుంటాడు. గుర్రం కళ్ళెం మీద ఆనుకుని, ఆ బిగువే ఆసరాగా దూసుకుపోతుంది. పందెం అయ్యాక జాకీ పైకి లేచి పగ్గాలు వదులు చేస్తాడు. ఏళ్ళ తరబడి ఇదే పాఠం. దాని నిఘంటువులో బిగువంటే పరుగు, వదులంటే ఆగు.

తెలుగులో 'ఆగాలి' అంటే నిలిచిపోవాలని. బెంగళూరు ఆటోలో ఆ మాటే అంటే కన్నడ డ్రైవరుకు 'ఆగలి' అని వినిపిస్తుంది. అంటే 'అలాగే కానీ' అని. మీరు ఎంత గట్టిగా అరిస్తే అతను అంత ఉత్సాహంగా పోనిస్తాడు. తప్పు ఇద్దరిదీ కాదు.

నగర శివారులో ఓ స్వారీ బడిలో సరిగ్గా ఇదే చూశాను. రేసుల నుంచి వచ్చి నాలుగు నెలలైన ఎర్ర ఆడగుర్రం మీద కాలేజీ కుర్రాడు. ఎక్కడో కుక్క మొరిగింది. అతనికి టెన్షన్, పగ్గాలు బిగించాడు. గుర్రం మెడ చాచి నడక పెంచింది. ఇంకా లాగాడు. దౌడు అందుకుంది. పడిపోతానని కాళ్ళతో డొక్కలు నొక్కాడు. జాకీ కాళ్ళెప్పుడూ పైనే ఉంటాయి కాబట్టి ఆ స్పర్శే దానికి కొత్త, ఇంకా బెదిరింది. "వదులు నాన్నా, వదులు!" అని మాస్టారు కేకలు. ఆ స్థితిలో ఎవరి వేళ్ళు వదులుతాయి? ఇసుకలో పడ్డాడు కాబట్టి దెబ్బల్లేవు.

బుజ్జగిస్తే వినదా అంటే, అప్పటికే దాని రక్తం మారిపోయి ఉంటుంది. గుర్రం కడుపులో ఉండే ప్లీహం అనే అవయవం ఎర్రరక్తకణాల గోదాము. ఉద్వేగంలో ఊరే అడ్రినలిన్ అనే హార్మోను తగలగానే అది ముడుచుకుని కణాలను రక్తంలోకి పిండేస్తుంది. రక్తంలో వాటి వాటా మామూలుగా 40 శాతం ఉంటే, గట్టి పరుగులో 60 దాటుతుంది. ఈ పిండడం మొదలవడానికి పరుగే అక్కర్లేదు, ఉద్వేగం చాలు.

మరి మాటకు అర్థం మార్చేదెలా? ఇక్కడ నేర్పేది ఒత్తిడి కాదు, ఒత్తిడి పోయిన క్షణం. మాస్టారు నడకతోనే మొదలుపెట్టారు. రెండు పగ్గాలూ కలిపి లాగలేదు. ఎడమ పగ్గం మీద వేళ్ళు మూశారు, అంతే. గుర్రం మెడ బెత్తెడు తిరిగింది, అడుగు పొట్టిదైంది, వేళ్ళు తెరుచుకున్నాయి. ఒక్క సెకను ఆలస్యమైతే గుర్రం ఈలోపు తల ఎగరేస్తుంది, తల ఎగరేస్తే వదులుతారనే నేర్చుకుంటుంది. (మన బడుల్లోనూ తప్పు పట్టడంలో ఉన్న చురుకు, ఒప్పును గుర్తించడంలో ఉండదు.) గుండ్రంగా తిరుగుతూ ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ, కొన్ని వందలసార్లు. ప్రతిసారీ ముందు జీనులో బరువుగా కూర్చుని ఊపిరి వదిలేవారు. కొన్ని వారాలకు పగ్గం కదలకముందే, ఆ ఊపిరికే గుర్రం నిలబడడం మొదలైంది.

అయినా పాత అర్థం చెరిగిపోదు. రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల్లో ఇది చూశాడు. సంకేతం ఇచ్చి తిండి పెట్టడం అలవాటు చేస్తే, సంకేతానికే వాటికి నోరూరేది. తిండి పెట్టకుండా సంకేతం ఇస్తూపోతే నోరూరడం ఆగిపోయింది. కొంత విరామమిచ్చి మళ్ళీ ఇస్తే, మళ్ళీ ఊరింది. బడి ఆవరణలో బుద్ధిగా ఆగే గుర్రం, బయలులో ఇంకో గుర్రం పక్కనుంచి దాటిపోగానే రేస్‌కోర్సులోకి వెళ్ళిపోతుంది. అందుకే చివరి నెలల శిక్షణంతా గుంపులో, ఒకదాన్నొకటి నడకలోనే దాటిస్తూ.

అమ్మేవాడు మీకు గుర్రం నుదుటి సుడి చూపించి, ఇంటికి కలిసొస్తుందంటాడు. సుడి సంగతి తర్వాత చూద్దామనండి. అతన్నే ఎక్కి, ఖాళీ స్థలంలో రెండు పగ్గాలూ బిగించమనండి. మీరూ అబ్బాయీ కంచెకు ఇవతలే నిలబడండి.