రైస్ మిల్లు కరెంటు లెక్క: మోటారు కదిలే మొదటి పది సెకన్లు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లు చాలా వరకు మిర్యాలగూడ పరిసరాల మిల్లుల్లోనే బియ్యంగా మారతాయి. కొత్తగా మిల్లు కట్టే యజమాని కరెంటు విషయంలో మొట్టమొదట చేసే పని, మోటార్ల హార్స్‌పవర్లన్నిటినీ ఒక కాగితం మీద కూడి, ఆ మొత్తానికి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ ధర అడగడం. ఆ కూడిక అవసరమే గాని, దానివల్ల తేలేది తక్కువ. ఏ మోటారు దేనితో కలిసి నడుస్తుంది, ఏది దేని తర్వాత మొదలవుతుంది, మొదలయ్యే ఆ కొద్ది సెకన్లలో ఎంత కరెంటు లాగుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తర్వాతే ట్రాన్స్‌ఫార్మరైనా, కేబులైనా, స్టార్టరైనా ఎంచుకోవాలి.

కూడిక 300 హార్స్‌పవర్లని అనుకుందాం. హార్స్‌పవర్‌కు 746 వాట్ల చొప్పున అది 224 కిలోవాట్లు. అయితే అన్ని మోటార్లూ ఒకేసారి నిండు లోడుతో నడవవు. వడ్లు నానబెట్టే వేళ అవసరమయ్యే పంపులు వేరు, పాలిషర్ నడిచే వేళ వేరు. కలిసి నడిచే లోడు 70 శాతమని, మోటార్ల సామర్థ్యం 90 శాతమని వేసుకుంటే లైను నుంచి తీసుకునేది సుమారు 174 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికి వచ్చే వంతు) 0.8 ఉంటే దీనికి 218 కెవిఎ (ట్రాన్స్‌ఫార్మర్ సైజు కొలత) కావాలి, 0.98 ఉంటే 178 కెవిఎ చాలు. మధ్యలోని ఆ 40 కెవిఎ తేడాను దాదాపు 95 కెవిఎఆర్ కొలత గల కెపాసిటర్లు తీసివేస్తాయి. తెలంగాణలో 100 హార్స్‌పవర్లు దాటిన పరిశ్రమ హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ తీసుకోవాలి, అక్కడ యూనిట్లను పవర్ ఫ్యాక్టర్ తగ్గితే పెరిగే కెవిఎహెచ్‌లలో లెక్కిస్తారు, పైగా వాడినా వాడకపోయినా ఒప్పందం చేసుకున్న డిమాండులో 80 శాతానికి డిమాండు ఛార్జీ తప్పదు. అందుకే ఈ అంకెలో పొరపాటు పడితే ప్రతి నెలా బిల్లులో కనిపిస్తూనే ఉంటుంది. ఏడాదిలో కొన్ని నెలలే పూర్తిగా నడిచే మిల్లుకు ఇది మరీ భారం.

ఇక అసలు చిక్కు మోటారు మొదలయ్యేటప్పుడు వస్తుంది. 50 హార్స్‌పవర్ల మోటారు నిండు లోడు మీద సుమారు 65 ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా లైనుకు కలిపితే మొదటి సెకన్లలో అది 400 ఆంపియర్ల వరకూ పోతుంది. ఈ మోటారు ప్యానెల్ గదికి 120 మీటర్ల దూరంలో ఉందని, దానికి 35 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ వేశారని అనుకుందాం. నడిచేటప్పుడు ఆ కేబుల్‌లో పోయేది 12 వోల్టులు మాత్రమే కనుక ఎవరికీ అనుమానం రాదు. స్టార్టింగులో మాత్రం కేబుల్‌లోనే 35 వోల్టుల దాకా, 250 కెవిఎ ట్రాన్స్‌ఫార్మర్‌లో మరో 20 వోల్టుల దాకా పడిపోతాయి. 415 వోల్టులు రావలసిన చోట 360 మాత్రమే అందుతాయి. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీ × వోల్టేజీ) బట్టి ఉంటుంది గనుక 87 శాతం వోల్టేజీకి బలం 75 శాతానికి దిగుతుంది. ఊరి లైనులో అప్పటికే వోల్టేజీ తక్కువగా ఉంటే, పక్కన నడుస్తున్న మెషిన్ల కాంటాక్టర్లు (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్‌లు) సైతం పట్టు వదిలేస్తాయి.

మోటారు వైండింగులను మొదట స్టార్‌లో, వేగం అందుకున్నాక డెల్టాలో కలిపే స్టార్-డెల్టా స్టార్టర్ పెడితే మొదలయ్యేటప్పటి లైను కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. కానీ తిప్పే బలం కూడా మూడో వంతే మిగులుతుందన్న సంగతిని చాలామంది అంతగా పట్టించుకోరు. ఊక బ్లోయర్‌కు ఇది చక్కగా సరిపోతుంది, డ్యాంపర్ (గాలి దారి తలుపు) మూసి మొదలుపెడితే మరీ తేలిక. వడ్లను బెల్టు మీద పైకి మోసే ఎలివేటర్‌కు, అడుగున వడ్లు పేరుకుని ఉంటే మాత్రం, ఆ బలం చాలదు. బెల్టు కదలదు, మోటారు వేడెక్కుతుంది. అలాంటి చోట వోల్టేజీని మెల్లగా పెంచే సాఫ్ట్ స్టార్టర్ పెట్టినా గుణం పెద్దగా ఉండదు; వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) గాని, ఇంకాస్త పెద్ద మోటారు గాని మేలు. అంతకన్నా మేలైనది ఎలివేటర్ బూట్‌లో (అడుగు భాగంలో) వడ్లు పేరుకోకుండా చూడడం. అది ప్యానెల్ వైరింగులోనే సాధ్యమవుతుంది.

మెషిన్లను చివరి నుంచి మొదటికి స్టార్ట్ చేయాలి: ముందు బియ్యం మోసే ఎలివేటర్, ఆపైన పాలిషర్, తర్వాత సెపరేటర్, ఆ తర్వాత పొట్టు తీసే షెల్లర్, చివరన వడ్లు పోసే ఎలివేటర్. ఆపేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది. మధ్యలో ఒకటి ట్రిప్పయితే దానికి సరుకు పంపే మెషిన్లన్నీ తమంతట తామే ఆగేలా కాంటాక్టర్ల సహాయక కాంటాక్టులను ఒకదానితో ఒకటి ముడిపెట్టాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఈ ముడి విలువ తెలుస్తుంది. అన్నీ ఒక్కసారిగా లేవకుండా, టైమర్ల మీద కొన్ని సెకన్ల ఎడంతో ఒకటొకటిగా మొదలవుతాయి. జనరేటర్ ఉన్న మిల్లులో ఈ వ్యవధే జనరేటర్ సైజును తేలుస్తుంది. బాయిలర్ నీటి పంపును మాత్రం ఈ వరుసలో చేర్చకుండా, మిల్లు ఆగినా నడిచే వేరే సర్క్యూట్ మీద ఉంచాలి.

రక్షణ పరికరాల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపం, కరెంటు ఎక్కువసేపు హద్దు దాటితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేలోనిది. స్టార్-డెల్టాలో రిలేను వైండింగుల వైపు కలిపినప్పుడు అందులో పారేది లైను కరెంటులో 58 శాతమే. 65 ఆంపియర్ల మోటారుకు దాని డయల్ 38 దగ్గర ఉండాలి. నేమ్‌ప్లేటు చూసి 65కు తిప్పితే రిలే ఉన్నా లేనట్లే. షార్ట్ సర్క్యూట్‌కు ఎంసీసీబీ (పెద్ద సర్క్యూట్ బ్రేకర్) ఉంటుంది గాని, మెల్లగా కాలిపోయే వైండింగును అది గుర్తుపట్టదు.

మోటార్ల నేమ్‌ప్లేట్లపై సాధారణంగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకే రేటింగు ఇస్తారు. నల్లగొండ జిల్లాలో మే నెలలో బయటే ఒక్కోసారి 45 దాటుతుంది, రేకుల షెడ్డు కింద, బాయిలర్ పక్కన ఇంకా ఎక్కువ. అక్కడ 50 డిగ్రీలుంటే పీవీసీ తొడుగు కేబుల్ మోయగల కరెంటు 82 శాతానికి, ఎక్కువ వేడి తట్టుకునే ఎక్స్ఎల్‌పీఈ తొడుగు కేబుల్‌ది 89 శాతానికి పడిపోతుంది. ఊక దుమ్ము మోటారు రెక్కల మీద పేరుకుంటే గాలి తగలదు కనుక దుమ్ము నుంచి రక్షణ ఉన్న ఐపీ55 మోటారు తీసుకుని, రెక్కలను వారం వారం ఊదించాలి.

ప్రతి మోటారు ఫ్రేముకూ రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలని నిబంధన ఉంది. హెచ్‌టీ కనెక్షన్ ఇచ్చే ముందు విద్యుత్ తనిఖీ అధికారి చూసేవాటిలో ఇదొకటి. జిల్లాలోని ఎర్ర చెలక, రాతి నేలలు ఎండాకాలంలో తేమ కోల్పోయి నిరోధం బాగా పెంచుతాయి. వర్షాలు పడ్డాక కొలిచి సంతృప్తి పడితే ఆ అంకె మే నెలలో నిలవదు. ఎర్త్ పిట్లను ఏప్రిల్, మే నెలల్లో కొలిచి, ఆ అంకెకు తగ్గట్టుగానే వాటి సంఖ్య నిర్ణయించుకోవాలి.