కర్నూలు తరుగు గొడవ: ట్రేసబిలిటీ టిక్కు వెనక కథ

ఉల్లి కొనుగోళ్ల లెక్కలు చూసే ఓ సాఫ్ట్‌వేర్ మీద కర్నూలులో సద్దుమణిగిందనుకున్న తగాదా మళ్లీ రాజుకుంది. తూకం ఖరారయ్యాక తరుగు పేరుతో బస్తా బరువు తగ్గించే వీలుండకూడదని కొనుగోలు కేంద్రం వాళ్లు ముందే రాసిచ్చారు. చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్‌లో మాత్రం దర్జాగా తగ్గించొచ్చు. ఏ షరతుకి ఏ కోడ్, ఏ టెస్టు ఉన్నాయో చూపే ట్రేసబిలిటీ పట్టికలో ఆ షరతు ఎదురుగా, నెరవేరిందన్నట్టు ఆకుపచ్చ టిక్కు ఉంది. పెట్టింది ఎన్‌ఎల్‌పీ టూల్, అంటే మనుషుల భాషను చదివి పోల్చే సాఫ్ట్‌వేర్.

రిక్వైర్‌మెంట్లను, అంటే ముందే రాసిచ్చిన షరతులను, కోడ్‌కీ టెస్టులకీ ముడిపెట్టే ఈ పట్టికలు ఏ షరతూ తప్పిపోకుండా చూసుకోవడానికే. ఆ ముళ్లను టూల్‌తో వెతికించడంలో అసలు మలుపు 2002లో వచ్చింది. పత్రాల్లోని మాటలూ, కోడ్‌లోని పేర్లూ ఎంతవరకు కలుస్తున్నాయో లెక్కగట్టి, దగ్గరగా ఉన్నవాటిని వరుసగా పేర్చి మనిషికి చూపించొచ్చని ఆంటోనియోల్ అనే పరిశోధకుడి బృందం నిరూపించింది. మరుసటి ఏడాది మార్కస్, మాలెటిక్ ఏ మాటలు కలిసి వస్తున్నాయో చూసి అర్థాల దగ్గరితనం లెక్కగట్టే ఎల్‌ఎస్‌ఐ పద్ధతితో అదే పని చేశారు. 2006లో హేస్, డెఖ్త్యార్, సుందరం రాసిన పేపర్‌లోనూ టూల్ ఇచ్చేది క్యాండిడేట్ లింకే, అంటే ముడి ఉండొచ్చన్న సూచనే. దాన్ని ఖాయం చేయాల్సింది మనిషి. ఈ ఒక్క మెట్టునే కర్నూలులో ఎగరగొట్టారు.

సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన కంపెనీ వాదన చిన్నది: మనుషులు చేయిపెడితే పట్టిక ఇంకా పాడవుతుందట. 2010 నాటి ఒక అధ్యయనాన్ని చూపిస్తున్నారు. మంచి పట్టిక ఇచ్చినప్పుడు విశ్లేషకులు దాన్ని కాస్త చెడగొట్టిన మాట నిజమే. నాసిరకం పట్టిక ఇస్తే వాళ్లే బాగుచేశారని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఆ సగం ఎవరూ ఎత్తడం లేదు.

టెస్టింగ్ చేసిన పిల్లలు చెప్పేది వింటే విషయం తేటపడుతుంది. టూల్ ఆ షరతుకి జతచేసిన టెస్టు ‘రసీదు మీద బస్తా బరువు, తరుగు సరిగ్గా పడుతున్నాయా’ అన్నది. బస్తా, బరువు, తరుగు రెండు చోట్లా ఉన్నాయి కాబట్టి స్కోరు బాగా వచ్చింది. ‘ఉండకూడదు’ అన్నది లెక్కలోకే రాలేదు. మాటలు లెక్కపెట్టే పాత పద్ధతుల్లో ‘నాట్’ లాంటివాటిని పనికిరాని మాటలని ముందే ఏరిపారేయడం మామూలే. తక్కువ స్కోరు వచ్చినవాటినే చూడమన్నారనీ, ఆకుపచ్చవాటి జోలికెళ్తే డెలివరీ లేటవుతుందని టెన్షన్ పెట్టారనీ వాళ్ల ఫిర్యాదు.

2021లో వాక్యం మొత్తాన్ని చూసి అర్థం పట్టే బెర్ట్ అనే భాషా మోడల్‌తో ఇదే పని ఇంకా మెరుగ్గా చేసి చూపించారు. కొత్త టూల్ కొంటామని కంపెనీ అంటోంది. కొన్నాక ఆకుపచ్చ టిక్కులను ఎవరు తిరగేసి చూస్తారన్న ప్రశ్నకి మాత్రం జవాబివ్వలేదు.