పొట్టలో బిడ్డకి రక్తం తక్కువని బయటి నుంచి ఎలా తెలుస్తుంది?

"మా అమ్మాయి గైనిక్ పీజీ అయ్యాక హై రిస్క్ ప్రెగ్నెన్సీ వైపు వెళ్తానంటోంది, స్కాన్లు తీయడానికి మళ్లీ ఇన్నేళ్ల చదువెందుకండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు. ప్రసూతి వైద్యంలో పీజీ, దానిమీద ఇంకో రెండు మూడేళ్ల ట్రైనింగ్, చదువు సంగతి అంతే. బీపీ పెరిగినవాళ్లు, గుండెజబ్బున్నవాళ్లు, ఒకే మాయని పంచుకునే కవలలు, అందరూ ఈ హై రిస్క్ డాక్టర్ల దగ్గరికే వస్తారు. నాకు మాత్రం అన్నిటికంటే ఆశ్చర్యం, చుక్క రక్తం తీయకుండానే బిడ్డకి రక్తహీనత ఉందని వీళ్లు పసిగట్టడం.

తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారై, మాయ దాటి, బిడ్డ ఎర్ర రక్తకణాలని పగలగొట్టేయొచ్చు. మొదటి కాన్పు సాధారణంగా గట్టెక్కుతుంది, చిక్కంతా తర్వాతి వాటితోనే. 1968లో ఆ యాంటీబాడీలు తయారవకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ వచ్చాక ఈ కేసులు బాగా తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. పూర్వం సూదితో ఉమ్మనీరు తీసి, పగిలిన కణాల వల్ల అందులో చేరే పసుపు రంగు ఎంతుందో కొలిచేవారు, అదీ మళ్లీ మళ్లీ. 2000లో జియాన్‌కార్లో మారీ బృందం తల్లి పొట్టమీద స్కాన్ ప్రోబ్ పెట్టి కూడా తెలుసుకోవచ్చని చూపించింది.

కిటుకు ఇదీ: కణాలు తగ్గితే రక్తం పలచబడుతుంది, పలచటి రక్తం జోరుగా పారుతుంది, పైగా ఆక్సిజన్ చాలక గుండె ఇంకాస్త గట్టిగా తోస్తుంది. అంటే వేగం కొలిస్తే రక్తహీనత ఎంతుందో అంచనాకి వస్తుంది! 24 వారాలప్పుడు బిడ్డ మెదడులోని మధ్య ధమనిలో గరిష్ఠ వేగం మామూలుగా సెకనుకి 31 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటుంది. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 46 దాటితే రక్తహీనత ముదిరిందేమోనని అనుమానించాలి.

ఆ ధమనే ఎందుకంటే, అది తలలో పక్కకి సాగుతుంది కాబట్టి ప్రోబ్‌కి దాదాపు ఎదురుగా దొరుకుతుంది. డాప్లర్‌కి, అంటే రక్తం పారే వేగాన్ని కొలిచే స్కాన్‌కి, కనిపించేది వేగాన్ని cos θ తో గుణిస్తే వచ్చేదే, θ అంటే కిరణానికీ ధమనికీ మధ్య కోణం. సున్నా డిగ్రీలైతే పూర్తి వేగం, 15 డిగ్రీలున్నా 3 శాతమే పోతుంది. కానీ 60 డిగ్రీల దగ్గర సరిచేయకుండా చదివితే 46 కాస్తా 23 అయిపోతుంది, రక్తం లేని బిడ్డ నిక్షేపంగా ఉన్నట్టు కనబడుతుంది! కోణం తెచ్చే తప్పు ఎప్పుడూ తగ్గించే చూపిస్తుంది గనక, బిడ్డ కదలకుండా ఉన్నప్పుడు కొన్నిసార్లు కొలిచి అన్నిటికంటే పెద్ద అంకె తీసుకుంటారు. త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని పిల్లలు అడిగితే టీచర్లు ఇంకా నిచ్చెనా గోడా లెక్కే చెప్తున్నారు, ఇది చెప్పరేం?

అంకె దాటితే సూదికి పని పడుతుంది. 1963లో న్యూజీలాండ్ డాక్టర్ విలియం లైలీ గర్భస్థ శిశువు పొట్టలోకి రక్తం ఎక్కించారు. ఇప్పుడైతే స్కాన్‌లో చూస్తూ నేరుగా బొడ్డుతాడు సిరలోకే చిక్కటి ఓ నెగెటివ్ రక్తం పంపుతారు. ఆ తర్వాత వచ్చే చిక్కు నాకు మరీ ఇష్టం. ఎక్కించినవి పెద్దవాళ్ల కణాలు, బిడ్డ కణాలకంటే చిన్నవి, పారే తీరు వేరు. దాంతో ఆ ఒకటిన్నర రెట్ల గీతని మునుపటంత నమ్మలేం. మళ్లీ ఎప్పుడు ఎక్కించాలో కణాలు తరిగే వేగం, బిడ్డ బరువు, డాప్లర్ అంకె, మూడూ కలిపి డాక్టరే తేల్చుకోవాలి. మీ అమ్మాయి అన్నేళ్లు నేర్చుకోబోయేది ఇలాంటివేనండీ.