యానాం పెట్రోలు: చౌక ఎక్కడిది, అనుమానం ఎక్కడిది

కాకినాడలోనో అమలాపురంలోనో బండి ఉన్నవాళ్లకి యానాం బంకుల రేటు నోటి మీదే ఉంటుంది. ఆంధ్రా బంకుతో పోలిస్తే లీటరుకు పది రూపాయల పైచిలుకు తక్కువ. "చౌకేనండీ, కానీ మైలేజీ రాదు" అనే మాట కూడా ఆ రేటు వెంటే వస్తుంది. కొందరైతే ఇంకో అడుగు ముందుకేసి, ఆ పెట్రోలు పోయిస్తే ఇంజిన్ పాడవుతుందంటారు. రేటు తేడాకి ఒక చరిత్ర ఉంది. అనుమానానికి వేరే చరిత్ర ఉంది. రెండూ ఒకే బంకు దగ్గర కలవడంతో ఒకదాని తప్పు రెండోదాని మీద పడుతోంది.

ముందు రేటు సంగతి. యానాం 18వ శతాబ్దం నుంచి ఫ్రెంచివాళ్లది. చుట్టూ మద్రాసు ప్రెసిడెన్సీ, మధ్యలో ముప్పై చదరపు కిలోమీటర్ల వేరే రాజ్యం. హద్దు దాటితే చట్టం మారిపోయేది. 1930 ఏప్రిల్ నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చి బాల్యవివాహం నేరమయ్యాక, బ్రిటిష్ జిల్లాల నుంచి పెళ్లిబృందాలు యానాం వచ్చి ముడి వేయించుకుని వెళ్లేవి. 1954 నవంబరు 1న ఊరి పాలన భారత్ చేతికి వచ్చింది. చట్టప్రకారం అప్పగింత 1962లో పూర్తయింది. మరుసటి ఏడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమైంది. అప్పటి నుంచి యానాం పన్నులు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని పుదుచ్చేరిలో తేలుతున్నాయి. మొదట జనాన్ని లాగింది మద్యం. పెట్రోలు తర్వాత వచ్చింది.

గోదావరి పాయ గౌతమి మీద బాలయోగి వారధి 2002లో వచ్చేదాకా అవతలి గట్టు ఎదుర్లంక నుంచి యానాం రావాలంటే పంటు ఎక్కాల్సిందే. వంతెన పడ్డాక కోనసీమ బళ్లకు యానాం దారిలో ఊరైపోయింది. రేటు తేడా కళ్లు చెదిరేంతగా పెరిగింది మాత్రం 2021 నవంబరులో. కేంద్రం పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 రూపాయల ఎక్సైజు తగ్గించింది. పుదుచ్చేరి తన వ్యాట్ కూడా కోసేసింది. ఆంధ్రప్రదేశ్ తగ్గించలేదు. ఇక్కడ పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. అక్కడ శాతం ఇందులో సగం పైచిలుకు, అంతే. చౌకంతా ఈ పన్నులోనే ఉంది.

సరుకు మాత్రం వేరు కాదు. యానాంకి రిఫైనరీ లేదు. చుట్టూ ఆంధ్రా నేలే కాబట్టి ట్యాంకరు ఏ డిపోలో నిండినా మన రోడ్ల మీదుగానే రావాలి. పైగా ప్రభుత్వ చమురు కంపెనీలు ఒకరి డిపోలో ఇంకొకరు సరుకు ఎత్తుకుంటాయి. బంకు రంగు మారినంత మాత్రాన ట్యాంకులో పెట్రోలు మారుతుందనుకోవడం భ్రమ. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం దేశమంతటికీ ఒకటే. 2020 ఏప్రిల్ 1 నుంచి అందరూ అమ్మాల్సింది పదిలక్షల్లో 10 పాళ్లకు మించి గంధకం లేని బీఎస్-6 ఇంధనమే.

మరి అనుమానం ఎక్కడిది? నా లెక్కలో అది నీలం కిరోసిన్ కాలం నాటిది. రేషన్ కిరోసిన్ సబ్సిడీతో చాలా చౌకగా దొరికిన రోజుల్లో దాన్ని డీజిల్‌లోనూ పెట్రోలులోనూ కలిపి అమ్మడం దేశమంతా నడిచిన వ్యాపారం. పక్కదారి పడితే కనిపెట్టడానికే దానికి నీలం రంగు వేశారు. కిరోసిన్‌కి ఆక్టేన్, అంటే ఇంజిన్లో వేళకి ముందే అంటుకోకుండా ఆగే గుణం, బాగా తక్కువ. పెట్రోలులో కలిస్తే ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది, పికప్ పడిపోతుంది, ప్లగ్గు మీద మసి పేరుకుంటుంది, సైలెన్సర్ నుంచి ఘాటు వాసనొస్తుంది. 2005లో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపుర్ ఖేరీలో ఇలాంటి బంకు మీద చర్య తీసుకున్న ఇండియన్ ఆయిల్ యువ అధికారి మంజునాథ్ షణ్ముగాన్ని కాల్చి చంపారు. కల్తీలో అంత డబ్బుండేది. "చౌకగా ఇస్తున్నాడంటే ఏదో కలిపాడు" అని ఒక తరం జనం బండి పాడయ్యాకే నేర్చుకున్నారు. ఆ పాఠాన్ని యానాంకి వర్తింపజేస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. కల్తీ చేసేవాడికి లాభం ఎక్కువుండేది లీటరు ధర ఎక్కువున్న చోట. ఆ లెక్కన అనుమానించాల్సింది మన వైపు బంకునే.

ఇంగ్లండులో ఇదే గొడవ సూపర్ మార్కెట్ల పెట్రోలు మీద ఉంది. టెస్కో, ఆస్డా లాంటివాళ్లు తమ దుకాణాల దగ్గరే బంకులు పెట్టి కాస్త తక్కువకి అమ్ముతారు. మైలేజీ రాదని అక్కడా అంటారు. వాళ్లు అమ్మేదీ అందరికీ వర్తించే ప్రమాణానికి లోబడిన పెట్రోలే. కంపెనీకీ కంపెనీకీ నిజంగా తేడా వచ్చేది డిపోలో కలిపే డిటర్జెంటు మందుల దగ్గర. ఇది కొట్టిపారేసేది కాదు. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం 2016లో పరీక్షించి చూస్తే, మందు తక్కువున్న పెట్రోలు వాడిన ఇంజిన్ వాల్వుల మీద మసి సగటున 19 రెట్లు ఎక్కువ పేరుకుంది. అయితే ఇది వేల కిలోమీటర్ల మీద కనిపించే తేడా. నిన్న కొట్టించిన ట్యాంకుకి ఇవాళ మైలేజీ పడిపోయిందంటే ఆ నేరం దీనిది కాదు.

మరి మైలేజీ తగ్గలేదా అంటే, తగ్గింది. తగ్గించింది ఇథనాల్, అంటే పెట్రోలులో కలిపే ఆల్కహాల్. దేశంలో ఇథనాల్ కలపడం 2003లో 5 శాతంతో మొదలై ఏళ్లతరబడి నత్తనడక నడిచింది. 2022 జూన్ నాటికి 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఎంపిక చేసిన బంకుల్లో 20 శాతం మొదలై, 2025కి దేశమంతా అదే అయింది. చెరకు, మొక్కజొన్న, నూకలు, పాడైన ధాన్యం అన్నీ దీనికి ముడిసరుకే. వరి పండించే డెల్టావాళ్లు బండి ట్యాంకులో ధాన్యం పోస్తున్నారన్నమాట. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తికి మూడింట రెండొంతులే. పాత ప్రమాణాలకు తయారైన కార్లలో 6 నుంచి 7 శాతం, బైకుల్లో 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ నివేదిక 2021లోనే చెప్పింది. లీటరుకి 18 ఇచ్చే కారు 17కి దిగుతుంది. పాత బళ్లలో రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు త్వరగా చెడే అవకాశమూ ఉంది.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. రేటు తేడా పెరిగి జనం యానాం వైపు తిరిగింది 2021 చివర్లో. ఇథనాల్ పెరిగింది సరిగ్గా ఆ తర్వాతి మూడేళ్లలో. బంకు మార్చారు, మైలేజీ తగ్గింది, నింద యానాం మీద పడింది. కాకినాడలోనే కొట్టించినా తగ్గేదే.

డెల్టాలో ఎక్కువగా ఉండే బెడద ఒకటుంది, నీళ్లు. తవ్వితే నీరు తగిలే నేలలో బంకు ట్యాంకులు భూమిలోనే ఉంటాయి. పాత పెట్రోలులో నీటిచుక్క విడిగా అడుగున కూర్చునేది. ఇథనాల్ ఉన్న పెట్రోలు కాస్త నీటిని తనలో కలిపేసుకుంటుంది. మోతాదు మించితే ఇథనాల్‌ని కూడా వెంటేసుకుని నీళ్లు అడుగుకి దిగిపోతాయి. ఇంజిన్‌కి ముందుగా వెళ్లేది ఆ అడుగు సరుకే. వర్షాకాలం మెకానిక్ షెడ్డు దగ్గర చూడొచ్చు. మొరాయించిన బైకు పైపు ఊడదీసి ఖాళీ వాటర్ బాటిల్లోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచితే పైన పెట్రోలు, కింద మసకగా ఇంకో పొర, మధ్యలో గీత గీసినట్టు హద్దు కనిపిస్తాయి. రొయ్యల చెరువుల దగ్గర డ్రమ్ముల్లో నిలవుంచిన డీజిల్‌కీ నీటి బాధ తప్పదు. జనరేటర్ ఆగిపోతే డ్రమ్ము మూతని ఎవరూ తిట్టరు, డీజిల్ తెచ్చిన ఊరినే తిడతారు. బంకులో డెన్సిటీ (సాంద్రత) చూపించమని, కల్తీ మరక చూసుకునే ఫిల్టర్ పేపర్ ఇమ్మని, అయిదు లీటర్ల కొలతతో కొలవమని అడిగే హక్కు అందరికీ ఉంది. అడిగేవాళ్లే తక్కువ.

దూరం లెక్క ఇంకో మెలిక. కాకినాడ నుంచి పనిగట్టుకుని వెళ్లొస్తే అరవై కిలోమీటర్లు. లీటరుకి 12 రూపాయల తేడా అనుకుంటే, అయిదు లీటర్లు కొట్టించే బైకుకి మిగిలేది 60 రూపాయలు, దారిలో తాగేది లీటరు పైమాటే. నలభై లీటర్ల కారుకి ఆదా 480, ఖర్చు నాలుగు లీటర్లు. ఇంటికొచ్చేసరికి ముల్లు కిందికి జారిందంటే అది పెట్రోలు గుణం కాదు. లాభపడేది ఎటూ ఆ దారిన పోయే లారీలూ, యానాం చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ.

2017లో దేశమంతా ఒకే పన్నుగా జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోలు, డీజిల్‌ని బయటే ఉంచారు. 2021 సెప్టెంబరు 17న లక్నోలో జీఎస్టీ మండలి ఆ ప్రస్తావన తెచ్చి, దానికి ఇది సమయం కాదని తేల్చింది. రాష్ట్రాలకి ఆ రాబడి మీద ఆశ అలాంటిది. వ్యాట్ ఉన్నన్నాళ్లూ యానాంలో ఒక రేటు, హద్దు దాటితే ఇంకో రేటు ఉంటాయి.