హైబ్రిడ్ కారు మైలేజీ: అంతా ఇథనాల్ మీదికి నెట్టకండి

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా హైబ్రిడ్ కారు (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్నది) మైలేజీ తగ్గిందంటే ఈమధ్య అందరూ చెప్పే కారణం ఒక్కటే: పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపారు (దీన్నే ఇ20 అంటారు). తగ్గేమాట నిజమే. ఎంత తగ్గుతుందో లెక్కేసుకుంటే మాత్రం అసలు నష్టం ఇంకెక్కడో జరుగుతోందని తెలుస్తుంది.

అపోహ: ఇ20 వల్ల లీటరుకి ఐదారు కిలోమీటర్లు పోతున్నాయి.

వాస్తవం: లీటరు పెట్రోల్లో సుమారు 32 మెగాజౌల్స్ శక్తి ఉంటే, లీటరు ఇథనాల్లో 21 ఉంటుంది. ఆ లెక్కన పది శాతం ఇథనాల్ ఉన్న ఇ10లో 30.9, ఇ20లో 29.8. తేడా మూడున్నర శాతం. ఇ10 మీద 24 ఇచ్చిన బండి ఇ20 మీద 23 ఇవ్వాలి. అసలు ఇథనాల్ కలవని పెట్రోల్‌తో పోల్చినా తేడా 7 శాతం దాటదు. మీ బండి 18కి దిగిందంటే ఆ ఒక్క కిలోమీటరు ఇంధనానిది, మిగతా ఐదు టైర్లవో, బ్రేకులవో, మీ కుడికాలివో.

ముందు కొలత సరిగ్గా ఉండాలి. మీటర్ మీద కనిపించే అంకె చాలా బండ్లలో కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఒకే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి కట్ అయినచోట ఆపించండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. మూడు ట్యాంకుల సగటు చూడకుండా ఒక నిర్ణయానికి రావద్దు.

అపోహ: తెల్లవారుజామున కొట్టిస్తే పెట్రోల్ చిక్కగా ఉంటుంది, ఖరీదైనది కొట్టిస్తే మైలేజీ పెరుగుతుంది.

వాస్తవం: బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, ఉదయానికీ మధ్యాహ్నానికీ లోపలి వేడిలో పెద్ద తేడా రాదు. ఆక్టేన్ అంటే ఇంజిన్‌లో నాకింగ్‌ని, అంటే ఇంధనం సమయం తప్పి మండటాన్ని, తట్టుకునే గుణం, అది శక్తి కొలత కాదు. కంపెనీ చెప్పిన ఆక్టేన్‌కి మించి పోసినందువల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: హైవే ఎక్కితే హైబ్రిడ్ ఇంకా బాగా ఇస్తుంది.

వాస్తవం: మామూలు పెట్రోల్ కారుకి నేర్పిన లెక్క ఇక్కడ తిరగబడుతుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలోకి లాక్కోవడంలోనే హైబ్రిడ్ లాభం చాలావరకు ఉంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆగుతూ సాగుతూ పోయేటప్పుడు ఇంజిన్ చాలాసేపు ఆగిపోయే ఉంటుంది. కావలి దాటి ఒంగోలు వైపు 16వ నంబరు హైవే మీద అదే బండి 100లో పోతుంటే బ్రేకుకి పనే ఉండదు, ఇంజిన్‌కి విశ్రాంతీ ఉండదు. 80 నుంచి 100కి పెంచితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎదురుగాలి తోడైతే ఇంకా ఎక్కువ. 80-90 మధ్య నిలకడగా పోనివ్వండి.

టైర్లలో గాలి ఉదయం బండి కదలకముందే చూడాలి. డోరు దగ్గరి స్టిక్కర్ మీద 33 అని ఉంటే 33 పెట్టించండి. ఎండలో ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చి కొలిస్తే 33 చూపించినా చల్లబడ్డాక తక్కువే ఉంటుంది. కంకర రోడ్డు, వాన నీళ్లు నిలిచిన రోడ్డు కూడా మైలేజీ తింటాయి, వాటికి మనం చేసేదేమీ లేదు.

అపోహ: ఘాట్ దిగితే ఎక్కడానికి ఖర్చయిన పెట్రోలంతా తిరిగొస్తుంది.

వాస్తవం: ఈ కార్ల బ్యాటరీ చిన్నది. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఉన్నది 0.76 కరెంటు యూనిట్లే. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగుతుంటే దారి మధ్యలోనే నిండిపోతుంది. ఆ తర్వాత శక్తి బ్రేకుల వేడిగానో, ఇంజిన్‌ని ఊరికే తిప్పడంలోనో పోతుంది. నిండకముందే బి మోడ్ (ఇంజిన్‌తోనే వేగం తగ్గించే గేరు స్థానం) వేసుకోండి. అది మైలేజీ కోసం కాదు, బ్రేకులు కాలిపోకుండా ఉండటానికి.

అపోహ: ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెడితే ఆదా.

వాస్తవం: టయోటా తరహా హైబ్రిడ్‌లలో ఎన్‌లో ఉంటే బ్యాటరీ ఛార్జ్ కాదు. మే నెలలో ఏసీ నడుస్తుండగా టోల్ గేటు దగ్గర ఎన్‌లో ఉంచితే బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది. డి (డ్రైవ్) లో ఉంచి బ్రేకు మీద కాలు పెట్టండి, ఎక్కువసేపయితే పి (పార్కింగ్).

ఇక ఎవరూ చూడని రెండు చోట్లు. మొదటిది బ్యాటరీకి గాలి పోయే జాలీ. క్యాబిన్‌లోనో డిక్కీలోనో ఉంటుంది, మీ మోడల్‌లో ఎక్కడుందో మాన్యువల్ చెబుతుంది. చీమకుర్తి క్వారీల దారిలో తిరిగే బండ్లలో గ్రానైట్ పొడీ, వెంట్రుకలూ కలిసి దానికి మందంగా పొర కడతాయి. బ్యాటరీ వేడెక్కితే సిస్టమ్ దాని వాడకాన్ని తగ్గించేస్తుంది, భారమంతా ఇంజిన్ మీద పడుతుంది. దుమ్ము దారుల్లో తిరిగేవాళ్లు నెలకోసారి వ్యాక్యూమ్ పట్టించండి. నీళ్లు కొట్టకండి. దాని ముందు సంచులు పెట్టకండి.

రెండోది బ్రేకులు. చాలావరకు మోటారే బండిని ఆపుతుంది కాబట్టి ప్యాడ్‌లకి పని తక్కువ. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి కాలిపర్ (ప్యాడ్‌లని డిస్కుకి నొక్కే భాగం) జరిగే స్లైడ్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి, ప్యాడ్ డిస్కుని వదలదు. పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా తిరిగొచ్చి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తాకించకుండా సెగ చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా కాగుతుంటే ఆ పిన్నులు విప్పించి, శుభ్రం చేయించి, బ్రేకు గ్రీజు పెట్టించండి. ఏడాదికోసారి సర్వీసులో ఈ పని అడిగి చేయించుకోవాలి.